చీటీకి తగిలిన కావ్యం

ఇరవై మహాగ్రంథాల పేర్లు వరుసగా రాసి, వాటికి 1 నుంచి 20 దాకా అంకెలు వేసి, చీటీలో ఏ అంకె వస్తే దానికి ఎదురుగా ఉన్న పుస్తకాన్ని మారుమాట లేకుండా చదివే పద్ధతి ఒకటి పలు దేశాల పాఠకుల్లో వాడుకలో ఉన్నది. మహాగ్రంథమంటే ఇక్కడ, ఇంగ్లీషు చదువుల ద్వారా తెలుగులోనూ స్థిరపడిన మాటలో చెప్పాలంటే, క్లాసిక్. అంటే పుట్టిన కాలాన్ని దాటి నిలిచి, చదివినవారి చేతా చదవనివారి చేతా సమానంగా గౌరవం పొందే పుస్తకం. ఆ గౌరవంలోనే చిక్కంతా ఉన్నది. గౌరవం పెరిగిన కొద్దీ పుస్తకం బీరువాలో పై అరకు చేరుతుంది, పై అరకు చేరిన పుస్తకం పెట్టెలో దాచిన గద్వాల చీరలాగా తగిన సందర్భం కోసం ఎదురుచూస్తుంది, చీరకైతే ఎప్పుడో ఒక పెళ్లి వస్తుంది కానీ పుస్తకానికి ఆ ముహూర్తం రానే రాదు. వాయిదా అనేది అనాదరణ వల్లనే కాక అతిగా ఆదరించడం వల్ల కూడా పుడుతుందనీ, రెండో రకం వాయిదాను తెగ్గొట్టడానికి చీటీకి మించిన కత్తి లేదనీ చెప్పడానికి పాలమూరు సీమలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల సాహిత్య చరిత్ర మంచి ఆధారం.

ముందుగా మాట సంగతి. అనుకోకుండా, ఎవరి సంకల్పమూ లేకుండా జరిగేదాన్ని సంస్కృతంలో యదృచ్ఛ అంటారు, యాదృచ్ఛికం అన్న మాట దాని నుంచే వచ్చింది. శ్వేతాశ్వతరోపనిషత్తు జగత్తుకు కారణాలుగా తలచదగినవాటిని విచారిస్తూ కాలం, స్వభావం, నియతి అనే వాటి సరసన యదృచ్ఛను కూడా పేర్కొన్నది. భగవద్గీత నాలుగో అధ్యాయంలో, తనంత తానుగా దొరికినదానితో తృప్తి చెందే మనిషి లక్షణం చెప్పేటప్పుడు ఇదే మాట వాడింది. కాబట్టి యదృచ్ఛను జూదగాళ్ల సొమ్ముగా మాత్రమే చూడటం ఈ దేశపు ఆలోచనకు అలవాటైన పని కాదు. తమిళనాడులోని ఉత్తరమేరూరు శాసనాలు, సుమారు 920 నాటివి, గ్రామసభకు సభ్యులను ఎంచే విధానాన్ని వివరిస్తూ, అర్హుల పేర్లు రాసిన తాటాకు ముక్కలను కుండలో వేసి, లోపల ఏమున్నదో తెలియని బాలుడి చేత ఒకటి తీయించాలని నిర్దేశించాయి. ఆ విధానంలో గమనించవలసిన సంగతి ఏమిటంటే, కుండలో పడే పేర్లకు అర్హతలు ముందే కచ్చితంగా విధించారు. వివేకం పని పూర్తయిన తరువాతనే యదృచ్ఛ పని మొదలవుతుంది.

పుస్తకానికీ యదృచ్ఛకూ మరొక పాత బంధం ఉన్నది కానీ అది ఈ చర్చకు దూరపు చుట్టం మాత్రమే. రామాయణాన్నో భాగవతాన్నో కళ్లు మూసుకుని తెరిచి, వేలు పడిన పద్యాన్ని బట్టి పెళ్లి సంబంధం గురించో ప్రయాణం గురించో శకునం చూసుకోవడం తెలుగు ఇళ్లలో ఉన్నదే. రోమనులు వర్జిల్ కావ్యంతో అదే పని చేశారు, ఇరానీయులు హాఫిజ్ దివాన్‌తో ఈనాటికీ చేస్తున్నారు. పంజరంలో నుంచి బయటికి వచ్చి కార్డు తీసే జోస్యపు చిలక కూడా ఈ కుటుంబానిదే, పాపం దానికి ప్రతిఫలం ఒక గింజ. శకునంలో మనిషి పుస్తకాన్ని ప్రశ్న అడుగుతాడు, వేలు పడిన ఒక్క పద్యంతో పని తీరగానే పుస్తకం మూసేస్తాడు. చీటీ పద్ధతిలో పుస్తకమే మనిషిని పిలుస్తుంది, పిలిచినందుకు మొదటి పుట నుంచి చివరి పుట దాకా కూర్చోబెడుతుంది.

దగ్గరి చుట్టం వేరే ఉన్నది, అది సంస్థానాల సభామండపాల్లో పెరిగింది. నిజాం రాజ్యంలో కప్పం కడుతూ తమ పాలన తాము సాగించుకున్న చిన్న రాజ్యాలను సంస్థానాలంటారు; గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం రాజధానిగా సాగిన జటప్రోలు మొదలైనవి కృష్ణా తుంగభద్రల పరిసరాల్లో ఇలా నిలిచినవే. రాబడిలో పెద్దవి కాకపోయినా పండితులను పోషించడంలో పోటీపడినవి కావడం వల్ల, గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరు స్థిరపడింది. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంటగా తిరుపతి వేంకట కవులన్న పేరుతో గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాలకు వచ్చి తమ విద్య ప్రదర్శించిన సంగతి తెలుగు సాహిత్య చరిత్రలో ప్రసిద్ధం. వారి విద్య అవధానం. అంటే పలువురు ఒకరి తరువాత ఒకరుగా అడిగే వేరువేరు ప్రశ్నలకు, కాగితం కలం లేకుండా, మనసు చెదరకుండా, పద్యరూపంలో సమాధానాలు నడిపి చివరికి అన్నిటినీ తిరిగి అప్పజెప్పడం. అడిగేవారిని పృచ్ఛకులంటారు, వారు ఎనిమిది మంది అయితే అష్టావధానం, నూరుమంది అయితే శతావధానం.

ఈ అవధానంలోని అంశాల్లో రెండింటికి ఇక్కడి విషయంతో నేరుగా సంబంధమున్నది. మొదటిది వ్యస్తాక్షరి. ఒక వాక్యంలోని అక్షరాలను విడగొట్టి, ఒక్కో చీటీ మీద ఒక అక్షరమూ అది వాక్యంలో ఎన్నో స్థానానిదో తెలిపే అంకె రాసి, వరుస లేకుండా, అవధాని వేరే పద్యంలో మునిగి ఉన్న సమయం చూసి ఆ చీటీలను అందిస్తుంటారు. వచ్చిన ప్రతి అక్షరాన్నీ దాని స్థానంలో నిలుపుకుని అవధాని చివరికి వాక్యం మొత్తం చెప్పాలి. రెండోది పురాణ పఠనం. పృచ్ఛకుడు భారతంలోంచో భాగవతంలోంచో తనకు తోచిన పద్యం ఎత్తుకుంటాడు, అది ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నదో, అందులోని విశేషమేమిటో అవధాని అప్పటికప్పుడు వ్యాఖ్యానించాలి. పుస్తకం ఎక్కడ తెరుచుకుంటుందో తెలియని స్థితికి సిద్ధంగా ఉండటమే అక్కడి పాండిత్యం. ఈనాటి పాఠకుడి స్థితి దీనికి తలకిందులుగా ఉన్నదని ఒప్పుకోక తప్పదు, ఎందుకంటే అవధానికి పుస్తకమంతా వచ్చిన తరువాత యదృచ్ఛ పరీక్షగా ఎదురైతే, ఈనాటి పాఠకుడికి ఏమీ రాకముందే అది ప్రవేశ ద్వారంగా ఎదురవుతున్నది. అయినా రెండు చోట్లా దాని పని ఒక్కటే: మనిషి తనకు అనుకూలమైన చోటు ఎంచుకుని నిలబడే వెసులుబాటును తీసివేయడం.

సంప్రదాయం తెలిసినవారు ఇక్కడ ఒక ఆక్షేపణ చెబుతారు, అది తేలికగా తోసివేయదగినది కాదు. శాస్త్రగ్రంథాల మొదట అనుబంధ చతుష్టయం అని నాలుగు విషయాలు చెప్పడం పద్ధతి: గ్రంథంలోని విషయం, దానివల్ల ప్రయోజనం, ఆ రెండింటికీ గ్రంథంతో ఉన్న సంబంధం, చదవడానికి తగిన అధికారి. అధికారి అంటే పదవిలో ఉన్నవాడు కాదు, ఆ చదువుకు కావలసిన సన్నాహం ఉన్నవాడు. సంస్కృతం నేర్చేవారు రఘువంశంతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా నైషధానికి చేరాలన్న క్రమం ఈ ఆలోచన నుంచి వచ్చిందే. మెట్లున్న చోట చీటీ వేస్తే పాఠకుడు నేరుగా పైమెట్టు మీద పడవచ్చు, పడి కాలు విరగ్గొట్టుకుని మళ్లీ ఆ గడప తొక్కకపోవచ్చు. ఇది నిజమే కానీ అన్ని మహాగ్రంథాలూ మెట్ల మీద లేవు, అంతేకాక తెలుగు సాహిత్యం తన మొదటి మహాగ్రంథాన్నే వరుసలో రాసుకోలేదు. నన్నయ పదకొండో శతాబ్దిలో భారతంలోని ఆది, సభాపర్వాలు ముగించి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దిలో తిక్కన ఆ మిగిలిన భాగాన్ని ముట్టుకోకుండా విరాటపర్వంతో ఎత్తుకుని చివరి దాకా నడిపాడు. మధ్యలోని ఖాళీని పద్నాలుగో శతాబ్దిలో ఎఱ్ఱన పూరించాడు. కవులే నడుమ నుంచి మొదలుపెట్టిన గ్రంథాన్ని పాఠకుడు మాత్రం మొదటి నుంచే ఎందుకు చదవాలో తేల్చి చెప్పడం కష్టం. విరాటపర్వంతో భారతంలోకి దిగినవారు చాలామందికి తరువాత ఆదిపర్వం మీద ఆకలి పుట్టడం తెలుగు ఇళ్లలో కొత్త సంగతి కాదు.

యదృచ్ఛను పుస్తకాల గదిలోకి రానివ్వడం గ్రంథాలకు అపచారమని అనిపించేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఇంకొకటి ఉన్నది. ఆ గ్రంథాలు మన దాకా వచ్చిన దారిలో అడుగడుగునా యదృచ్ఛే ఉన్నది. తాటాకు పుస్తకానికి శత్రువులు చెద, చెమ్మ, నిప్పు, వారసుల అలసత్వం; ప్రతి తీయడానికి ఎవరో ఒకరు పూనుకోకపోతే కొన్ని తరాల్లో కావ్యం మట్టిలో కలుస్తుంది. వనపర్తి సంస్థానంలో కొంతకాలం పనిచేసిన మానవల్లి రామకృష్ణకవి తంజావూరు సరస్వతీ మహలులో నన్నెచోడుడి కుమారసంభవం తాళపత్ర ప్రతిని గుర్తించి, 1909లో మొదటి భాగం అచ్చు వేసేదాకా, ఆ కవి ఒకడున్నాడన్న సంగతే తెలుగు లోకం మరిచిపోయి ఉన్నది. ఆ తరువాత నన్నెచోడుడి కాలం మీద పండితులు దశాబ్దాల తరబడి వాదించుకున్నారు, కుమారసంభవం పాఠ్యగ్రంథమైంది, పరీక్షల్లో ప్రశ్న అయింది. పోతన భాగవతంలో శిథిలమైన స్కంధాలను గంగన, సింగన, నారయ వంటివారు పూరించవలసి వచ్చింది. ఈనాటి పాఠకుడు గౌరవంగా ముందు పెట్టుకునే మహాగ్రంథాల పట్టిక, ఒక కోణం నుంచి చూస్తే, చెదపురుగులు తినగా మిగిలిన పట్టిక. వాటి ఎంపికను అంత నమ్మినవారు ఒక చీటీని నమ్మడానికి వెనుకాడటం విడ్డూరం.

ఈ పట్టికను ప్రశ్నించినవారిలో ముఖ్యుడు ఈ నేల మీదనే పుట్టాడు. సురవరం ప్రతాపరెడ్డి 1896 మే 28న బోరవెల్లిలో జన్మించారు, స్వగ్రామం ఇటిక్యాలపాడు. 2016 అక్టోబరులో పాలమూరు జిల్లాను విడదీసి కొత్త జిల్లాలు ఏర్పరచిన తరువాత ఇవి రెండూ జోగులాంబ గద్వాల జిల్లాలోకి వచ్చాయి. 1926 మే 10న గోలకొండ పత్రికను ప్రారంభించిన ఆయన, నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న అర్థం వచ్చేట్టు ముడుంబై వేంకట రాఘవాచార్యులు రాసిన మాటకు వాదంతో జవాబు చెప్పి ఊరుకోకుండా, ఊరూరి నుంచి కవితలు రప్పించి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించారు. ఎవరో పెద్దలు వేసిన పట్టికలో లేనివారంతా అసలే లేనివారు అనుకోవడం ఎంత తప్పో చూపడానికి ఇంతకంటే బరువైన సాక్ష్యం అక్కర్లేదు. ఒక్క మాట పక్కకు చెప్పుకోవాలంటే, ఆ సంచిక చీటీ పాఠకులకు పుట్టినిల్లు వంటిది. 354 పేర్లలో అధికభాగం ఈనాటివారికి అపరిచితమే కాబట్టి ఏ పుట తెరిచినా పక్షపాతానికి తావుండదు.

అంతకంటే లోతైన పాఠం 1949లో అచ్చయిన ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఉన్నది. రాజుల పేర్లూ యుద్ధాల తేదీలూ వదిలి, సామాన్యులు ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, దేనికి భయపడ్డారు అన్నది చరిత్రగా రాయాలని తలచినప్పుడు ఆయనకు కావ్యాలే ఆధారాలయ్యాయి. ఆముక్తమాల్యద వంటి శిఖర గ్రంథంతోపాటు, క్రీడాభిరామం, పల్నాటి వీరచరిత్ర, కదిరీపతి శుకసప్తతి, అయ్యలరాజు నారాయణామాత్యుడి హంసవింశతి వంటి గ్రంథాలను ఆయన దీక్షగా గాలించారు. ఇందులో చివరి రెండూ శృంగార కథాకావ్యాలు. సభ్యత పేరిట కొందరు, రసం పేరిట కొందరు వాటిని వెనుక వరుసలో కూర్చోబెట్టారు, గొప్పతనం కొలిచి వరుస పేర్చే పాఠకుడు బతికినన్నాళ్లూ వాటి దాకా చేరడు. ఆ వెనుక వరుస గ్రంథాల్లోనే పల్లె ఆటల పేర్లూ, వంటకాల పేర్లూ, వృత్తుల పనిముట్లూ కుప్పలుగా ఉన్నాయని ప్రతాపరెడ్డి చూపించారు. ఆయన చీటీ వేసి చదివారని ఎవరూ అనరు, ఆయనది గట్టి ప్రయోజనం ఉన్న చదువు. అయినా గొప్ప పుస్తకం, చిన్న పుస్తకం అన్న నిచ్చెనను పక్కన పెట్టి, పట్టికలోని ప్రతి పేరుకూ సమానమైన అవకాశం ఇచ్చిన చదువు అది. చీటీ చేసేది కూడా సరిగ్గా ఆ పనే. ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది, తెలుగుకు అదే తొలి అకాడమీ బహుమతి. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన రచయిత మాత్రం 1953 ఆగస్టు 25న కన్నుమూశారు.

ఇక పద్ధతి నడిచే తీరు. పట్టికలో నచ్చేవే రాసుకుంటే చీటీ అవసరమే లేదు, భయపెట్టేవే రాసుకుంటే రెండో చీటీ ఎవరూ తీయరు. ఏళ్ల తరబడి వాయిదా పడ్డవి ఐదు, చదివామని నలుగురిలో చెప్పుకుని నిజానికి చదవనివి ఐదు, సులువుగా సాగేవి ఐదు, పేరు తప్ప ఏమీ తెలియనివి ఐదు ఉంటే కలగలుపు సరిపోతుంది. రెండో వర్గం నిజాయితీగా నింపగలిగినవారు అప్పటికే సగం మేలు పొందినవారు. తీసిన చీటీని పక్కన పెడుతూ పోతే, రెండు నెలలకు ఒక పుస్తకం చొప్పున, ఇరవై పూర్తి కావడానికి మూడేళ్ల నాలుగు నెలలు పడుతుంది. అలా కాక, తీసిన పుస్తకం స్థానంలో ప్రతిసారీ కొత్త పేరు చేర్చి పట్టికను ఎప్పుడూ ఇరవైగానే ఉంచితే లెక్క మారుతుంది: ఒక పుస్తకానికి ఒక్కో విడతలో చీటీ తగలకపోయే అవకాశం ఇరవైలో పంతొమ్మిది వంతులు, అది వరుసగా ఇరవై విడతలు తగలకుండా మిగిలిపోయే అవకాశం సుమారు 36 శాతం. అంటే మూడేళ్లు దాటినా కదలని పుస్తకాలు ఏడెనిమిది ఉంటాయి. వాయిదాను తప్పించుకోవడానికి పెట్టుకున్న పద్ధతిలో మళ్లీ వాయిదాకే చోటిచ్చినట్టు కాబట్టి మొదటి విధానమే మేలు.

తెలుగు పాఠకుడికి మరొక చిక్కు ఉన్నది. చీటీలో పేరు వస్తుంది, అంగడిలో పుస్తకం ఉండదు. పాత ప్రబంధాలు చాలా ఒక ముద్రణతో ఆగిపోయాయి, మలిముద్రణలు వచ్చినా కొన్నాళ్లకే కనుమరుగవుతాయి. అందువల్ల పుస్తకం చేతికి వచ్చిన తరువాతనే, లేదా గ్రంథాలయంలో ఉన్నదని కళ్లతో చూసుకున్న తరువాతనే, కనీసం స్కాన్ ప్రతి అయినా తెరుచుకుంటున్నదని తేల్చుకున్న తరువాతనే దాని పేరు పట్టికలో రాయాలి. లేకపోతే చీటీకి తగిలిన కావ్యం కోసం వెతకడంతోనే రెండు నెలలూ గడుస్తాయి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పాఠకులకు పట్టికలో నాలుగో వంతు నింపడానికి పొరుగూరి సాయం అక్కర్లేదు. నాగర్‌కర్నూలు దగ్గరి నందివడ్డెమాను ఒకప్పటి వర్ధమానపురం, గోన వంశీయుల రాజధాని. ఆ వంశంలోని బుద్ధారెడ్డి పేరిట పదమూడో శతాబ్దిలో వెలసినది రంగనాథ రామాయణం. అది ద్విపద, అంటే రెండేసి పాదాలుగా పాటలా సాగే ఛందస్సు కాబట్టి, పద్యమంటే బెదిరేవారికి కూడా నోట నిలుస్తుంది. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు రాసిన చంద్రికాపరిణయం అందుకు పూర్తిగా ఎదురు కొస. శ్లేష, అంటే ఒకే మాటలో రెండర్థాలు ఇమిడ్చే విద్య, దానికి ప్రాణం కావడంతో శరదాగమమనే వ్యాఖ్య పక్కన లేనిదే నాలుగు పద్యాలు సాగవు. సురభివారి ఆదరణ పొందిన ఎలకూచి బాలసరస్వతి ఒకే కావ్యంలో రాముడి కథ, కృష్ణుడి కథ, పాండవుల కథ మూడూ పలికించి రాఘవయాదవపాండవీయం చేశాడు, భర్తృహరి సుభాషితాలను తెలుగులోకి తెచ్చాడు. అలంపురంలో జీవితం గడిపిన గడియారం రామకృష్ణశర్మ ఆత్మకథ శతపత్రానికి 2007లో, ఆయన మరణానంతరం, సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు అలంపురంలో జరిగినప్పుడు కాళోజీ కవితా సంపుటి నా గొడవను శ్రీశ్రీ ఆవిష్కరించినదీ ఆ ఊళ్లోనే. ఈ పుస్తకాల్లో ఒకటి ఆరు నెలలు అడుగుతుంది, ఒకటి ఒక్క పూటలో అయిపోతుంది. చీటీ వీటిలో దేనికీ మొగ్గు చూపదు, అదే దాని ఉపకారం.

చీటీ విప్పిన క్షణంలో మనసులో ఏమి జరుగుతుందో గమనించడం కూడా చదువులో భాగమే. ఏడో అంకె రావాలని లోలోపల కోరుకున్నవారికి పదమూడు వస్తే చిన్న నిరాశ కలుగుతుంది. ఏడో పుస్తకం అంత ఇష్టమైనది అయితే ఇన్నాళ్లూ ఎందుకు చదవలేదన్న ప్రశ్న ఆ నిరాశ వెంటనే లేస్తుంది. అంతవరకు పని లేదనో, తీరిక లేదనో, కళ్లద్దాలు మార్చాలనో చెప్పుకున్న సాకులు ఆ ఒక్క ప్రశ్న ముందు నిలవవు. వచ్చిన పదమూడో పుస్తకం మీద ముందస్తు ప్రేమ లేకపోవడం కూడా నష్టమేమీ కాదు, ఎందుకంటే ఆశలు పెట్టుకోకుండా తెరిచిన పుస్తకానికి పాఠకుడిని ఆశ్చర్యపరచే అవకాశం పూర్తిగా మిగిలే ఉంటుంది. అయితే వంద పుటలు చదివినా పొసగని పుస్తకాన్ని మూసివేసే హక్కు పాఠకుడిదే. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే అధికారం చీటీకి ఇవ్వవచ్చు కానీ ఎక్కడ ఆపాలో చెప్పే అధికారం ఇవ్వకూడదు. మూసిన పుస్తకం పేరు చదివినవాటి లెక్కలో రాయకపోతే చాలు.

ఉత్తరమేరూరులో లాగానే చీటీ తీయడం ఇంట్లోని పసివారికి అప్పగించడం బాగుంటుంది, వారికి ఏ అంకె మీదా మమకారం ఉండదు. ఇరవై పేర్లలో కనీసం ఒకటి కృష్ణా తుంగభద్రల నడుమ పుట్టినది ఉండాలనీ, ఏ అంకె పలికినా, అది చంద్రికాపరిణయానిదే అయినా సరే, తీసిన చీటీని మళ్లీ డబ్బాలో వేయవద్దనీ పాఠకులకు మనవి.